హ్యాండ్‌హెల్డ్ కన్సోళ్లు, గేమింగ్ ఫోన్లు: కొనాలా, ఆగాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

స్టీమ్ డెక్ 2 వస్తుందంటున్నారు. అప్పటిదాకా ఆగితే మంచిదా?

స్టీమ్ డెక్ అంటే పీసీ గేముల్ని చేతిలో పట్టుకుని ఆడుకునే యంత్రం (హ్యాండ్‌హెల్డ్), తయారుచేసేది వాల్వ్. డెక్ 2 గురించి ఆ కంపెనీ 2023 నుంచి ఒకే మాట చెబుతోంది. బ్యాటరీ త్వరగా అయిపోకుండా, వేగం మాత్రం ఒక తరం ముందుకు వెళ్లగలిగే చిప్ దొరికితేనే కొత్తది తెస్తామంటోంది. అంటే ఏటా కొత్త మోడల్ దింపే ఆలోచన వాళ్లకు లేదు. మొదటి డెక్ 2022 ఫిబ్రవరిలో వచ్చింది. 2023 నవంబర్‌లో వచ్చిన ఓఎల్ఈడీ డెక్‌కి తెర, బ్యాటరీ మెరుగుపడ్డాయి కానీ గేమ్ వేగం దాదాపు పాతదే. 2025 చివర్లో ఎల్‌సీడీ మోడల్ తయారీని ఆపేశారు.

కాబట్టి "వచ్చే దీపావళికల్లా వచ్చేస్తుంది" అని ఎవరైనా చెబితే తలూపి ఊరుకోండి. మీరు ఆడాలనుకుంటున్న గేములు ఇప్పటి డెక్ మీద 30–40 ఎఫ్‌పీఎస్‌తో (సెకనుకు అన్ని ఫ్రేములు) ఆడుతుంటే ఆగాల్సిన పని లేదు. గత రెండేళ్లలో విడుదలైన భారీ గేములే మీ లక్ష్యమైతే డెక్ ఇప్పటికే ఆయాసపడుతోంది. వాటికి ఏఎండీ జెడ్2 ఎక్స్‌ట్రీమ్ లాంటి చిప్ ఉన్న హ్యాండ్‌హెల్డ్‌లు చూడండి.

కొత్తవి వస్తే పాతవాటి ధరలు తగ్గుతాయిగా?

ఒకప్పుడు ఈ లెక్క కరెక్టే. కానీ 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు విపరీతంగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీని ఎగరేసుకుపోతుండటంతో ఫోన్లకు, కన్సోళ్లకు దొరికేది తగ్గింది. హ్యాండ్‌హెల్డ్‌లో 16 నుంచి 32 జీబీ ర్యామ్, దానికితోడు ఎస్ఎస్‌డీ ఉంటాయి కాబట్టి ఆ భారం నేరుగా ధర మీదే పడుతుంది. ధర తగ్గుతుందని ఆరు నెలలు ఆగితే అదే వస్తువుకి ఎక్కువ పెట్టాల్సి రావచ్చు.

నింటెండో స్విచ్ 2 ఇక్కడ అధికారికంగా ఎందుకు దొరకదు? బయట కొంటే ఏం చూసుకోవాలి?

నింటెండో మన దేశంలో నేరుగా అమ్మదు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లోనైనా, ఆన్‌లైన్‌లోనైనా కనిపించేవన్నీ దిగుమతి సరుకే. "వారంటీ ఉంది" అని దుకాణదారు అంటే అది అతని సొంత హామీ. ఎన్ని నెలలో, ఏ భాగాలకో బిల్లు మీద రాయించుకోండి.

అసలు జాగ్రత్త జపాన్ మోడల్‌తో. జపాన్‌లో 2025లో 49,980 యెన్‌లకు విడుదలైన స్విచ్ 2లో మెనూలు జపనీస్‌లో మాత్రమే ఉంటాయి. జపాన్ ప్రాంతానికి కట్టిన నింటెండో అకౌంట్ తప్ప ఇంకోటి దానికి ఎక్కదు. చౌకగా వస్తోందని తెప్పించుకున్నాక ఇంగ్లిష్‌కి మార్చే దారి లేదు. అక్కడే అమ్మే బహుభాషా మోడల్ విడుదల ధర 69,980 యెన్లు. పెట్టె మీద ఏ మోడలో చూడకుండా డబ్బు కట్టొద్దు.

పాత మైక్రోఎస్‌డీ కార్డులు దీనికి పనికిరావు. స్విచ్ 2 గేములు దాచాలంటే మైక్రోఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ కార్డే ఉండాలి. పాత కార్డు పెడితే అందులోని స్క్రీన్‌షాట్లు, వీడియోలు మాత్రమే కాపీ అవుతాయి. లోపలున్న 256 జీబీ చాలదనుకుంటే ఆ కార్డు ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. ఇంకో సంగతి: కొన్ని గేముల పెట్టెల్లో ఉండే కార్డులో గేమ్ ఉండదు, డౌన్‌లోడ్‌కి తాళంచెవి మాత్రమే ఉంటుంది. పెట్టె ముందువైపు కింద 'గేమ్-కీ కార్డ్' అని రాసి ఉంటుంది. అలాంటి గేమ్ కొంటే మొత్తం గేమ్ మీ నెట్ మీదే దిగాలి.

అమెరికా నుంచి మావాళ్లు వస్తున్నారు. స్టీమ్ డెక్ తెప్పించుకోవచ్చా?

తెప్పించుకోవచ్చు. వాల్వ్ డెక్‌ని ఇండియాలో అమ్మట్లేదు, కాబట్టి చాలామందికి ఉన్న దారి ఇదే. కానీ కొన్ని లెక్కలు ముందే చూసుకోండి.

కస్టమ్స్‌లో సుంకం లేకుండా తెచ్చుకునే విలువకు మనిషికింత అని పరిమితి ఉంది. అది మారుతూ ఉంటుంది కనుక ప్రయాణానికి ముందు కస్టమ్స్ శాఖ సైట్‌లో చూడమనండి. బిల్లు వెంట ఉండాలి. లిథియం బ్యాటరీ ఉన్న వస్తువు కాబట్టి చేతి సంచిలో తేవడమే మంచిది. 100 వాట్‌అవర్ల (బ్యాటరీలో పట్టే కరెంటు కొలత) లోపు బ్యాటరీకి విమానంలో అభ్యంతరం లేదు. ఓఎల్ఈడీ డెక్‌లో ఉన్నది 50, ఇప్పటి పెద్ద హ్యాండ్‌హెల్డ్‌లలోనూ చాలావరకు 80కి మించట్లేదు.

ఛార్జర్ 100–240 వోల్టుల మీద పనిచేస్తుంది. ప్లగ్ మాత్రం అమెరికా రకం, దానికి చిన్న కన్వర్టర్ చాలు, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు.

వారంటీ దగ్గరే చిక్కు. అది కొన్న దేశానిదే, పాడైతే తిరిగి అక్కడికే పంపాలి. ఒక్క ఊరట ఏమిటంటే, డెక్ విప్పి బాగుచేసుకోవడానికి అనువైనది. ఐఫిక్సిట్ అనే మరమ్మతుల సంస్థ దాని విడిభాగాలు అమ్ముతుంది, విప్పే విధానం ఫొటోలతో సహా ఇస్తుంది.

బ్యాటరీ ఎంతసేపు వస్తుంది? కంపెనీ లెక్క నమ్మొచ్చా?

మీరే లెక్కేసుకోండి, పెద్ద పనేం కాదు. బ్యాటరీ వాట్‌అవర్లను మొత్తం వాడకం వాట్లతో భాగిస్తే గంటలు వస్తాయి. చిప్‌కి 15 వాట్లు ఇస్తే తెర, ఫ్యాన్, వైఫై, స్పీకర్లకి కలిపి ఇంకో 6–9 వాట్లు పోతాయి. మొత్తం 23 అనుకోండి.

40 వాట్‌అవర్ల బ్యాటరీ, అంటే ఎల్‌సీడీ డెక్ లేదా అసూస్ కంపెనీ మొదటి రాగ్ అలై అయితే, గంటా ముప్పావు. 50 ఉన్న ఓఎల్ఈడీ డెక్ రెండు గంటల పది నిమిషాలు. 80 ఉన్న అలై ఎక్స్ (అలై తర్వాతి మోడల్) మూడున్నర గంటలు. అదే అలై ఎక్స్‌లో చిప్‌ని 25 వాట్లకు వదిలితే సుమారు రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలకు పడిపోతుంది. చిన్న 2డీ గేమ్‌కి చిప్ 5 వాట్లతో సరిపెట్టుకుంటుంది, అప్పుడు ఇవే అంకెలు దాదాపు రెట్టింపవుతాయి. "8 గంటలు" అని ప్రకటనలో కనిపించేది ఈ చిన్న గేమ్ లెక్కే.

ఫోన్లో ఎంఏహెచ్ అంకెను 3.85తో గుణించి 1000తో భాగిస్తే వాట్‌అవర్లు వస్తాయి. 6000 ఎంఏహెచ్ అంటే సుమారు 23. భారీ గేమ్‌కి ఫోన్ 4–6 వాట్లు తాగుతుంది కాబట్టి నాలుగైదు గంటలు. బ్యాటరీ విషయంలో ఫోన్ ముందు హ్యాండ్‌హెల్డ్ ఎప్పుడూ వెనకబడే ఉంటుంది.

డెక్‌లో సమయం పెంచుకునే పద్ధతి: కుడివైపు మూడు చుక్కల బటన్ నొక్కండి, బ్యాటరీ గుర్తున్న పెర్ఫార్మెన్స్ పేజీకి వెళ్లండి, ఫ్రేమ్ పరిమితి 40కి పెట్టండి (ఓఎల్ఈడీ అయితే 45), తర్వాత టీడీపీ (చిప్‌కి ఇచ్చే వాట్లు) పరిమితి ఆన్ చేసి 10 వాట్ల నుంచి ఒక్కొక్కటే తగ్గిస్తూ రండి. గేమ్ తడబడిన చోట ఒక మెట్టు పైకి వచ్చి ఆగండి. 40 ఎందుకంటే, 30 ఎఫ్‌పీఎస్‌లో ఒక్కో ఫ్రేమ్‌కి 33.3 మిల్లీసెకన్లు, 60లో 16.7. ఈ రెండింటికీ సరిగ్గా నడిమధ్య 25, అంటే 40 ఎఫ్‌పీఎస్. అంకెగా 30కి దగ్గరైనా చేతికి తెలిసే చురుకుదనంలో 60 వైపు సగం దూరం వచ్చేసినట్టే.

పవర్ బ్యాంకుతో ఛార్జ్ అవుతుందా?

మన దగ్గర ఎక్కువగా అమ్ముడయ్యే 22.5 వాట్ల పవర్ బ్యాంకుతో అయితే ఆడుతుండగా బ్యాటరీ తగ్గుతూనే ఉంటుంది. డెక్‌కి 45 వాట్లు, అలైకి 65 వాట్లు ఇచ్చే యూఎస్‌బీ-సీ పీడీ (పవర్ డెలివరీ) రకం కావాలి. 20,000 ఎంఏహెచ్ అంటే కాగితం మీద 74 వాట్‌అవర్లు. నష్టాలు పోను చేతికొచ్చేది 55 చుట్టుపక్కల. ఓఎల్ఈడీ డెక్‌ని ఒక్కసారి నింపడానికి సరిపోతుంది.

మన ఎండలకు ఇవి తట్టుకుంటాయా?

ఇది అడగాల్సిన ప్రశ్నే, కానీ రివ్యూల్లో ఎక్కడా కనిపించదు. ఆ రివ్యూలు చల్లటి దేశాల్లో చేసినవి మరి. స్టీమ్ డెక్‌ని 0 నుంచి 35 డిగ్రీల వాతావరణానికి తయారుచేశామని వాల్వే చెబుతోంది. మే నెలలో రామగుండంలోనో, విజయవాడలోనో మధ్యాహ్నం 43–44 ఉంటుంది. ఏసీ లేని గదిలోనూ 37–38 తప్పదు.

ఆ వేడిలో జరిగేది ఇది. చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గిస్తుంది, ఫ్యాన్ ఏకధాటిగా మోగుతుంది. ఇవి ఆట ఆపితే పోయేవే. బ్యాటరీ నష్టం మాత్రం నిలిచిపోతుంది. లిథియం సెల్ 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ అవడం దానికి చేటు. ఆడుతూ ఛార్జింగ్ పెడితే లోపలి వేడి ఇట్టే అంత దాటుతుంది.

వేసవిలో టీడీపీని 9–10 వాట్ల దగ్గర కట్టేయండి, ఛార్జింగ్ ఆట అయ్యాకే పెట్టండి. డెక్ వెనకనుంచి గాలి పీల్చి పైనుంచి వదులుతుంది. పరుపు మీదో దుప్పటి మీదో పెట్టి ఆడితే ఆ పీల్చే దారి మూసుకుపోతుంది. పార్క్ చేసిన కారులో మాత్రం ఏ పరిస్థితిలోనూ వదలొద్దు. మొదటి రాగ్ అలైలో ఎస్‌డీ కార్డ్ రీడర్ వేడికి పనిచేయడం మానేస్తోందన్న ఫిర్యాదులు 2023లోనే వచ్చాయి, అసూస్ కూడా ఒప్పుకుంది. సెకండ్ హ్యాండ్‌లో అది కొనేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

విశాఖ, కాకినాడ వైపు ఉప్పు గాలి సమస్య వేరు. వాడనప్పుడు గట్టి కేసులో రెండు సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి.

విండోస్ ఉన్నది కొనాలా, స్టీమ్ ఓఎస్ ఉన్నదా?

ముందు మీరు ఆడే గేముల పేర్లు కాగితం మీద రాయండి, జవాబు అందులోనే ఉంటుంది. స్టీమ్ ఓఎస్ లినక్స్ మీద నడుస్తుంది. విండోస్ గేముల్ని ప్రోటాన్ అనే పొర దాని మీద ఆడిస్తుంది. ఒంటరిగా ఆడే గేములు చాలామటుకు హాయిగా నడుస్తాయి. చిక్కంతా ఆన్‌లైన్ గేముల్లోని యాంటీ-చీట్‌తో, అంటే మోసం చేసేవాళ్లని పట్టుకునే ప్రోగ్రాంతో. వాలరెంట్, ఫోర్ట్‌నైట్, కొత్త కాల్ ఆఫ్ డ్యూటీలు స్టీమ్ ఓఎస్ మీద నడవవు. అపెక్స్ లెజెండ్స్ ఒకప్పుడు నడిచేది, 2024 అక్టోబర్ చివర్లో లినక్స్‌కి తలుపు మూసేశారు. జీటీఏ ఆన్‌లైన్ కూడా అదే ఏడాది సెప్టెంబర్‌లో పోయింది. నిన్న నడిచినది రేపు నడుస్తుందన్న హామీ లేదనడానికి ఈ రెండూ చాలు.

ఆ గేములు మీ జాబితాలో లేకపోతే స్టీమ్ ఓఎస్ వైపే మొగ్గండి. బటన్ నొక్కితే నిద్రపోతుంది, మళ్లీ నొక్కితే ఆపిన చోటే లేస్తుంది. పెళ్లాయి, పిల్లలున్నవాళ్లకి దొరికే పదిహేను నిమిషాల ఖాళీలో ఈ ఒక్క సౌకర్యం చిప్ వేగం కంటే విలువైనది. 2025లో లెనోవో లీజన్ గో ఎస్ స్టీమ్ ఓఎస్‌తో వచ్చాక ఇది వాల్వ్ సొంత యంత్రానికే పరిమితం కాలేదు.

విండోస్ హ్యాండ్‌హెల్డ్ బ్యాగులో పెడితే వేడెక్కి, బ్యాటరీ ఖాళీ అవుతోంది. పాడైందా?

పాడవలేదు. విండోస్ నిద్రలో ఉన్నట్టే ఉండి అప్‌డేట్లకోసం, నోటిఫికేషన్లకోసం మేలుకుంటుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, పవర్‌లోకి వెళ్లి, పవర్ బటన్ నొక్కితే 'హైబర్నేట్' అయ్యేలా మార్చండి. లేవడానికి పది ఇరవై సెకన్లు ఎక్కువ పడుతుంది, బ్యాటరీ మాత్రం కదలదు. ఎక్స్‌బాక్స్ పేరుతో 2025 అక్టోబర్‌లో వచ్చిన రాగ్ అలైలలో మైక్రోసాఫ్ట్ పూర్తి తెర గేమ్ మెనూ పెట్టింది. వాడకం తేలికైంది, కానీ అడుగున ఉన్నది విండోసే.

తక్కువ స్టోరేజీది కొని ఎస్ఎస్‌డీ మార్చుకోవచ్చా?

చేతి పని అలవాటుంటే మార్చుకోవచ్చు. డెక్‌కీ, మొదటి అలైకీ 2230 సైజు ఎం.2 ఎస్ఎస్‌డీ కావాలి. ల్యాప్‌టాప్‌లలో మామూలుగా ఉండే 2280 పట్టదు. అలై ఎక్స్‌కి మాత్రం 2280 పడుతుంది.

డెక్‌లో చేసే వరుస ఇది. ముందుగా ఇంకో కంప్యూటర్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద, కొత్త ఎస్ఎస్‌డీలోకి స్టీమ్ ఓఎస్ ఎక్కించే వాల్వ్ రికవరీ ఇమేజ్ రాసిపెట్టుకోండి. వాల్యూమ్ పెంచే బటన్, పవర్ కలిపి నొక్కి బయోస్‌లోకి (యంత్రం మూల సెట్టింగ్స్‌లోకి) వెళ్లి బ్యాటరీ స్టోరేజ్ మోడ్ పెట్టండి. తర్వాత మైక్రోఎస్‌డీ కార్డ్ బయటికి తీయండి. ఎక్కువమంది మరిచిపోయేది ఇదే: కార్డు లోపలుండగా వెనక మూత తెరిస్తే కార్డు రెండు ముక్కలవుతుంది. మూతకి 8 స్క్రూలు, రెండు పొడవుల్లో ఉంటాయి. తీసినవి తీసిన స్థానంలోనే కాగితం మీద పేర్చండి. పొడవుది పొట్టిదాని చోట బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది. లోపల రేకు మూత తీశాక బ్యాటరీ కనెక్టర్ విడదీసి, ఎస్ఎస్‌డీకి చుట్టి ఉన్న రేకు తొడుగుని కొత్తదానికి ఎక్కించి, బిగించండి. మూసేశాక ఛార్జర్ పెడితేనే ఆన్ అవుతుంది. వాల్యూమ్ తగ్గించే బటన్, పవర్ కలిపి నొక్కితే పెన్‌డ్రైవ్‌ని ఎంచుకునే మెనూ వస్తుంది.

కొత్తవాటిలోనైనా స్టిక్ డ్రిఫ్ట్ ఉండదా?

మామూలు స్టిక్‌లో కార్బన్ పట్టీ మీద చిన్న లోహపు ముల్లు రాసుకుంటూ తిరుగుతుంది. పట్టీ అరిగితే వేలు పెట్టకుండానే బొమ్మ ఒక పక్కకి నడుస్తుంది. హాల్ ఎఫెక్ట్, టీఎంఆర్ రకాల్లో అయస్కాంతం వాడతారు, రాపిడి ఉండదు. లీజన్ గో, ఎంఎస్ఐ క్లాలలో హాల్ రకం ఉంది. స్విచ్ 2లో లేదని నింటెండోనే చెప్పింది. మొదటి స్విచ్ కంట్రోలర్లయిన జాయ్-కాన్‌ల డ్రిఫ్ట్ గొడవ తర్వాత కూడా అలా చేయడం నిరాశే.

గేమింగ్ ఫోన్లు ఇక ముందు వస్తాయా?

పలచబడుతున్నాయి. 2017లో రేజర్ 120 హెర్ట్జ్ తెరతో మొదలుపెట్టింది, ఆ తర్వాత ఫోన్లు మానేసింది. లెనోవో లీజన్ ఫోన్ల వ్యాపారాన్ని 2023లో ఆపేసింది. బ్లాక్ షార్క్ ఫోన్లు కనుమరుగయ్యాయి. గట్టిగా నిలబడింది రెడ్‌మ్యాజిక్ ఒక్కటే అనొచ్చు. కారణం తేలికే. 120–144 హెర్ట్జ్ తెర, వేడి తగ్గించే పెద్ద వేపర్ చాంబర్, 6000 పైచిలుకు బ్యాటరీ ఇప్పుడు మామూలు ఫోన్లలోకే వచ్చేశాయి. ఐకూ, పోకో లాంటివి అదే చిప్ పెట్టి, పనికొచ్చే కెమెరాతో, ఊళ్లో సర్వీస్ సెంటర్‌తో అమ్ముతుంటే భుజం బటన్ల కోసం, రంగు లైట్ల కోసం ఎక్కువ పెట్టేవాళ్లు కొద్దిమందే.

మా అభిప్రాయం సూటిగా: మన దగ్గర ప్రత్యేక గేమింగ్ ఫోన్ కోసం ఎదురుచూడటం అనవసరం. విదేశాల నుంచి తెప్పించుకుందామనుకుంటే ఒక్కటి చూడండి. జియో మీద కాల్స్ వోల్టీ (4జీ నెట్ మీద కాల్) ద్వారానే వెళ్తాయి. ఆ ఫోన్లో జియోకి వోల్టీ పనిచేయకపోతే నెట్ ఉంటుంది, మాట్లాడటం ఉండదు. 5జీకి ఎన్78, ఎన్28 బ్యాండ్లు ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

120 హెర్ట్జ్ ఫోన్ కొన్నా బీజీఎంఐలో (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) 120 ఎఫ్‌పీఎస్ రావట్లేదు. ఎందుకు?

తెరకి ఆ వేగం ఉన్నంతమాత్రాన చాలదు. ఏ మోడల్‌కి 90, ఏ మోడల్‌కి 120 ఇవ్వాలో గేమ్ తయారీదారే నిర్ణయించి తెరుస్తారు. కొత్త ఫోన్‌కి ఆ అవకాశం కొన్నిసార్లు నెలల తర్వాత అప్‌డేట్‌లో వస్తుంది. కొనేముందు అదే మోడల్‌లో గ్రాఫిక్స్ మెనూ చూపించమనండి. ముందు 'స్మూత్' ఎంచుకుంటేనే పై ఫ్రేమ్ రేట్లు కనిపిస్తాయి. గేమ్ సెట్టింగ్స్‌ని బయటినుంచి మార్చే జీఎఫ్ఎక్స్ టూల్స్‌తో బలవంతంగా తెరిస్తే అకౌంట్ బ్యాన్ అయ్యే ప్రమాదం ఉంది.

బెంచ్‌మార్క్ స్కోరు ఎక్కువున్న ఫోనే గేములకి మంచిదా?

ఆ స్కోరు మొదటి రెండు మూడు నిమిషాల సంగతి చెబుతుంది. మీరు ఆడేది గంట. 3డీమార్క్ యాప్‌లో 'వైల్డ్ లైఫ్' స్ట్రెస్ టెస్ట్ నడపండి. నిమిషం చొప్పున 20 సార్లు తిప్పి, చివర్లో స్టెబిలిటీ శాతం ఇస్తుంది. 60 శాతం వచ్చిందంటే ఇరవై నిమిషాల తర్వాత ఫోన్ తన వేగంలో నలభై శాతం వదులుకున్నట్టు. పెద్ద చిప్ 55 శాతం దగ్గర ఆగిపోతే, దానికన్నా ఒక మెట్టు కిందది 90 శాతంతో నిలబడితే, నలభయ్యో నిమిషంలో రెండింటికీ తేడా పెద్దగా మిగలదు. డబ్బు మాత్రం మిగులుతుంది.

ఛార్జింగ్ పెట్టి ఆడితే ఫోన్ పాడవుతుందా?

బైపాస్ ఛార్జింగ్ ఉంటే భయం లేదు. కరెంటు బ్యాటరీలోకి వెళ్లకుండా నేరుగా ఫోన్‌ని నడుపుతుంది, వేడి తగ్గుతుంది. శామ్‌సంగ్‌లో గేమ్ బూస్టర్ లోపల 'పాజ్ యూఎస్‌బీ పవర్ డెలివరీ' పేరుతో ఉంటుంది. బ్యాటరీ 20 శాతం పైన ఉండి, పీపీఎస్ (వోల్టేజీని అవసరం మేరకు మార్చే పద్ధతి) ఉన్న 25 వాట్ల పీడీ ఛార్జర్ పెడితేనే ఆ మీట కనిపిస్తుంది. మామూలు ఛార్జర్ పెట్టి "మా ఫోన్లో లేదు" అనుకునేవాళ్లే ఎక్కువ.

ఫోన్‌కి కంట్రోలర్ తగిలిస్తే హ్యాండ్‌హెల్డ్ అవసరం తీరుతుందా?

గేమ్‌ని బట్టి. కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్ కంట్రోలర్‌ని ఒప్పుకుంటుంది, అలా ఆడేవాళ్లని అలాంటివాళ్లతోనే కలుపుతుంది. బీజీఎంఐకి అధికారికంగా ఆ సౌకర్యం లేదు. మీటల్ని తెర మీద తాకిడిగా మార్చే యాప్‌లు వాడితే అకౌంట్‌కే ముప్పు. కొనేటప్పుడు యూఎస్‌బీ-సీ రకమే తీసుకోండి, బ్లూటూత్ ఆలస్యం ఉండదు. ఫోన్ కవరుతో పడుతుందో లేదో కూడా చూసుకోండి.

ప్లేస్టేషన్ పోర్టల్ కొంటే ప్రయాణాల్లో ఆడుకోవచ్చా?

మన దగ్గర 18,990 రూపాయలకు విడుదలైన పోర్టల్‌కి సిమ్ లేదు, దాని లోపల గేమ్ నడవదు. ఇంట్లో ఉన్న మీ పీఎస్5 ఆడించే బొమ్మని వైఫై మీద చూపిస్తుంది, అంతే. కనీసం 5 ఎంబీపీఎస్, హాయిగా ఆడాలంటే 15 కావాలని సోనీ చెబుతోంది. వేగం కంటే నిలకడ ముఖ్యం: పీఎస్5ని రౌటర్‌కి కేబుల్‌తో కలపండి, పోర్టల్‌ని 5 గిగాహెర్ట్జ్ వైఫై మీద ఉంచండి. ఎక్కువ ఫిర్యాదులు ఈ ఒక్క మార్పుతో పోతాయి. రైల్లో హాట్‌స్పాట్ మీద ఆడదామన్న ఆశ పెట్టుకోవద్దు.

ఆన్‌లైన్ గేమింగ్ చట్టంతో వీటికేమైనా ఇబ్బందా?

లేదు. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది గెలుపు సొమ్ము కోసం డబ్బు పెట్టి ఆడే గేముల్ని. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చేసిన చట్టాలూ ఆ రకం ఆటల మీదవే. కన్సోల్ గేములు, బీజీఎంఐ లాంటివి వాటి కిందకి రావు.

సెకండ్ హ్యాండ్ హ్యాండ్‌హెల్డ్ కొనేటప్పుడు ఏం పరీక్షించాలి?

అరగంట టైం ఇవ్వనివాళ్ల దగ్గర కొనొద్దు. భారీ గేమ్ ఒకటి పెట్టి ఇరవై నిమిషాలు ఆడించండి. ఫ్యాన్‌లో గరగర శబ్దం వస్తోందా, బ్యాటరీ శాతం ఉన్నట్టుండి 30 నుంచి 5కి దూకుతోందా చూడండి. స్టిక్‌ల టెస్ట్ మెనూలో వేలు తీశాక చుక్క మధ్యకి వస్తోందో లేదో నాలుగు దిక్కులా చూడండి. మైక్రోఎస్‌డీ కార్డు మీదే తీసుకెళ్లి, యంత్రం వేడెక్కాక పెట్టి చదివించండి. వెనక మూత బల్ల మీద చదునుగా కూర్చోకుండా ఉబ్బినట్టుంటే బ్యాటరీ పోయినట్టే, బేరం అక్కడితో ఆపేయండి. చివరగా, అమ్మేవాళ్ల అకౌంట్ తీసేయించి, మీ ఎదుటే ఫ్యాక్టరీ రీసెట్ చేయించి, మీ అకౌంట్‌తో లాగిన్ అయ్యాకే డబ్బు ఇవ్వండి.